మా పైవాటాలో జపాన్ కుటుంబం: శని, ఆదివారాలు ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?

కొర్లగుంట కోడలు · నవంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. ఆగస్టు నుంచి మా పైవాటాలో ఒక జపాన్ కుటుంబం బాడుగకు ఉంటోంది. ఆయన శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొద్దున ఆరున్నరకు కంపెనీ బండి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు నాలుగు. తోటి ఉద్యోగులు చెన్నైలో కాపురం పెడితే వీళ్ళు పిల్లలకు చిన్న ఊరే మేలని ఇక్కడికొచ్చారు. రెండేళ్ళు ఉంటారట.

విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు పాస్‌పోర్టు, వీసా వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాల్సింది ఇంటి ఓనరే. మాకు ఆ సంగతి ఆ సాయంత్రమే తెలిసింది. మా ఆయనా నేనూ ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మీరెవరైనా ఇల్లిచ్చేటట్టయితే ముందే చూసుకోండి.

ఆ తర్వాత గ్యాసు, నీళ్ళ క్యాన్లు, దోమతెరలు అన్నీ ఒక్కొక్కటే కుదిరాయి. ఆయన భార్యకు తెలుగు రాదు, మా అత్తకు తెలుగు తప్ప రాదు. అయినా మధ్యాహ్నం పూట ఇద్దరూ వంటింట్లోనే ఉంటారు. ఆమె అన్నాన్ని ఉప్పునీళ్ళ చేతితో ముద్ద చేసి, మధ్యలో పుల్లటి ఊరుగాయపండు పెట్టి పిల్లలకు కట్టిస్తుంది. దాన్ని ఒనిగిరి అంటారట. ఆ పండు ఇక్కడ దొరకదు. మా అత్త ఊరేసిన ఉసిరికాయ ఇచ్చింది. అప్పటి నుంచి పాప బడికి ఉసిరికాయ ముద్దే తీసుకెళ్తోంది. పిల్లలిద్దరూ మా అత్తను అవ్వా అనే పిలుస్తారు.

ఇక అసలు సంగతి. ఆయనకు శని, ఆదివారాలు సెలవు. జూ, తిరుచానూరు, కపిలతీర్థం అయిపోయాయి. పిల్లలు అలిసిపోకుండా పోయి వచ్చే చోట్లు చెప్పండి.

---

ఘాట్ రోడ్డు అన్న · నవంబరు 8, రాత్రి 10:15

చెల్లెమ్మా, నేను ట్యాక్సీ తోలుతాను. ఇప్పుడైతే తలకోన. వానలు పడ్డాయి, నీళ్ళు బాగా దూకుతున్నాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. ఆదివారం మాత్రం వద్దు, శనివారం ఆరు గంటలకల్లా బయల్దేరండి. పదకొండు దాటితే బస్సులు దిగుతాయి. రాళ్ళు జారుతాయి, పిల్లలకు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. కోతులు ఎక్కువ, చేతిలో తిండి పట్టుకుని నడవకూడదు.

---

చంద్రగిరి మాస్టారు · నవంబరు 9, ఉదయం 6:05

అమ్మా, ఇంత దూరం పోయే ముందు పక్కనే ఉన్న చంద్రగిరి చూపించండి. రాజమహల్ మూడంతస్తుల కట్టడం, అందులో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. ఆయన ఇంజనీరు కాబట్టి ఆ పైకప్పుల కింద చాలాసేపు నిలబడతాడు. లోపల మ్యూజియానికి శుక్రవారం సెలవు, మీకు ఇబ్బంది లేదు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు నేల దక్కిన కథ కూడా ఈ చంద్రగిరి రాజుల కాలానిదే. చెన్నైలో దిగి వచ్చిన వాళ్ళకు ఆ ముక్క చెబితే ఊరికీ ఊరికీ ముడి పడుతుంది.

---

కొర్లగుంట కోడలు · నవంబరు 16, రాత్రి 8:50

మాస్టారూ, చంద్రగిరి చాలా బాగా జరిగింది. ఆయన గోడల మందం బెత్తలతో కొలిచి చూశాడు. పాప మెట్లు లెక్కపెట్టింది.

తలకోన గురించి రాయాలంటే మనసు ఒప్పడం లేదు, అయినా రాస్తాను. నీళ్ళు, అడవి, దారి అన్నీ అన్న చెప్పినట్టే ఉన్నాయి. పదిన్నరకు ఒక గుంపు వచ్చింది. మొదట ఒకరు సెల్ఫీ అడిగారు, వీళ్ళు నవ్వి నిలబడ్డారు. తర్వాత పదిమంది, ఆ తర్వాత ఎంతమందో. ఒకాయన అడక్కుండానే బాబును ఎత్తుకుని ఫోటోకు నిలబడ్డాడు. వాడు భయంతో బిగుసుకుపోయాడు. ఇంకొకామె వాడి బుగ్గలు రెండూ గట్టిగా పిండింది. పాప నా చీర కొంగులో తల దాచుకుని ఏడ్చేసింది. వాళ్ళమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. తల వంచి సారీ సారీ అంటూ బాబును తీసుకుంది. ఆ సారీ నాకు చెంపదెబ్బలా తగిలింది. కారులో ఎవరం మాట్లాడలేదు.

ఇవాళ ఆదివారం ఎక్కడికీ రామన్నారు. తలుపు వేసుకుని ఉన్నారు.

---

పాకాల జంక్షన్ · నవంబరు 16, రాత్రి 9:20

బాధగా ఉంది అక్కా. కానీ వాళ్ళు చెడ్డగా చేశారని అనుకోవద్దు. మన దగ్గర ముద్దొచ్చే బిడ్డ కనబడితే బుగ్గ గిల్లకుండా ఎవరు ఉంటారు? మా పిల్లల్ని కూడా రైల్లో ఎత్తుకోని వాళ్ళు లేరు. ప్రేమతోనే చేసుంటారు.

---

నగోయా నుంచి పీలేరు · నవంబరు 16, రాత్రి 10:30

పాకాల అన్నా, ప్రేమతోనే చేశారు, ఒప్పుకుంటాను. మేం ఆరేళ్ళు జపాన్‌లోని నగోయాలో ఉండి వచ్చాం, అందుకే వాళ్ళ వైపు నుంచి చెబుతాను. అక్కడ తెలియని వాళ్ళ పిల్లల్ని ముట్టుకోరు. పలకరింపుకు కూడా తల వంచుతారు, చెయ్యి వేయరు. నాలుగేళ్ళ వాడికి తెలియని మనిషి ఎత్తుకోవడమంటే ఎత్తుకుపోవడమే.

నేను మొదటిసారి అక్కడ చీర కట్టుకుని వీధిలోకి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ ఆగి, చేతులు జోడించి, ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది. వద్దంటే వెళ్ళిపోయేది. సరే అన్నాను, తర్వాత మాకు ఆమె దగ్గరి మనిషైంది. అడగడం, ఆగడం, ఆ రెండూ చాలు. వాళ్ళమ్మ సారీ చెప్పిందంటే తన తప్పని కాదక్కా. అక్కడ ఎదుటి వాళ్ళకు ఇబ్బంది కలగకూడదని ముందే ఆ మాట వచ్చేస్తుంది. మీరు దాన్ని మనసులో పెట్టుకోవద్దు.

ఒక పని చేయండి. ఆమెకు రెండు తెలుగు మాటలు నేర్పండి. "ఫోటో వద్దండి", "బాబుకు భయమండి". జపాన్ ఆమె నోట తెలుగు వింటే మనవాళ్ళు ఠక్కున ఆగిపోతారు.

---

ఘాట్ రోడ్డు అన్న · నవంబరు 17, ఉదయం 5:30

చెల్లెమ్మా, తలకోన చెప్పింది నేను. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి సారి నేనే వస్తాను. బాడుగ వద్దు, డీజిల్ పోయించండి చాలు. పిల్లల పక్కనే నడుస్తాను. అడిగినోళ్ళకు మర్యాదగా చెప్పడం నా పని.

---

పాకాల జంక్షన్ · నవంబరు 17, మధ్యాహ్నం 1:10

పీలేరు అక్కా, మీరు చెప్పింది మా ఇంట్లో చదివి వినిపించాను. అర్థమైంది. మా పాపను కూడా రైల్లో ఎవరో ఎత్తుకుంటే ఏడ్చేది, మేమే "ఏం కాదులే" అనేవాళ్ళం.

కొర్లగుంట అక్కా, ఇంకో మాట. తిరుపతిలో ఉంటూ కొండకు ఇంకా తీసుకెళ్ళలేదా?

---

గాలిగోపురం · నవంబరు 17, సాయంత్రం 6:45

ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. నేను అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, ఆ నమ్మకంతోనే చెబుతున్నాను. ఇతర మతాల వాళ్ళు దర్శనానికి పోవాలంటే స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. అది గేటు దగ్గర నింపే మామూలు ఫారం కాదు. వాళ్ళ మనసులో ఆ మాట ఉంటే సంతోషంగా తీసుకెళ్ళండి. లేకుంటే మొహమాట పెట్టి సంతకం చేయించకండి. అది వాళ్ళకూ మంచిది కాదు, స్వామికీ మర్యాద కాదు.

దర్శనం లేకుండా కూడా కొండ మీద ఒక రోజు సరిపోదు. శిలాతోరణం చూపించండి. మనిషి చెయ్యి పడకుండా రాయి దానంతటదే తోరణంలా నిలిచింది, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. మ్యూజియం ఉంది. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అందరితో కలిసి కూర్చుని తినండి. ఆ తల్లి తరిగొండ వెంగమాంబ మన ప్రాంతం మనిషేనని ఆమెకు చెప్పండి.

---

ఘాట్ రోడ్డు అన్న · నవంబరు 17, రాత్రి 9:00

దిగేది 1944లో వేసిన పాత ఘాట్, ఎక్కేది 1974లో వేసిన కొత్తది. ఘాట్ రోడ్డులో కొండను కోసిన చోట కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా వేరే రాయి కనిపిస్తాయి. రెండింటి వయసుకూ మధ్య కోట్ల ఏళ్ళ తేడా ఉందని ఒక ప్రొఫెసర్ నా బండిలోనే పిల్లలకు చెప్పారు. ఇంజనీరు సారును కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వాంతులయ్యే పిల్లలుంటే ఖాళీ కడుపుతో వద్దు, నిండు కడుపుతోనూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు.

---

కొర్లగుంట కోడలు · నవంబరు 24, ఉదయం 11:00

అడిగాను. ఫోన్‌లో తర్జుమా పెట్టుకుని, ఆ డిక్లరేషన్ అంటే ఏమిటో గాలిగోపురం గారు రాసినట్టే చెప్పాను. దంపతులిద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. నమ్మకం లేకుండా పేరు రాయడం తప్పని, గుడి బయట నుంచే నమస్కరిస్తామని అన్నారు. నిన్న అలాగే వెళ్ళాం. మహాద్వారానికి ఎదురుగా దూరంగా నిలబడి నలుగురూ నడుము దాకా వంగి దండం పెట్టారు. మా అత్త కళ్ళు తుడుచుకుంది.

అన్నప్రసాదం దగ్గర బాబు చక్కెర పొంగలి మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఎవరో ఫోటో అడిగితే ఆమె "ఫోటో వద్దండి" అంది. ఆయన "సరేనమ్మా, చల్లగా ఉండు" అని వెళ్ళిపోయాడు. ఆ మాటకు అర్థం చెప్పమని దారిపొడుగునా అడిగింది.

---

చంద్రగిరి మాస్టారు · నవంబరు 24, రాత్రి 7:30

ఇక పెద్ద పేరున్న చోట్లు వదిలేయండమ్మా, పల్లెలకు పోండి. ఏర్పేడు వైపు గుడిమల్లం ఉంది. అక్కడి లింగం క్రీస్తు పూర్వపు నాటిది. దాదాపు అయిదడుగుల రాయి, దాని మీద నిలబడిన వేటగాడి లాంటి మూర్తి. దేశంలో దొరికిన అతి పాత లింగాల్లో అదొకటి. గుంపు ఉండదు. పూజారి గారు చెప్పేది విని, వేపచెట్టు కింద కూర్చుని రావచ్చు.

ఆ పక్కనే పాపానాయుడుపేట. ఇది మీ వాళ్ళ కోసమే చెబుతున్నాను. ఒకప్పుడు ఆ ఊరంతా గాజుపూసల పనే. కరిగిన గాజును 'లాడ' అనే బోలు ఇనుప గొట్టం మీద ముద్దలా చుట్టి, కొలిమిలో పెట్టి, దాని నుంచి సన్నని గాజుగొట్టం తీగలా లాగుతారు. తీగ మధ్యలో బోలు అలాగే నిలుస్తుంది, పూసకు రంధ్రం అలా వస్తుంది. ఆ తీగను చిన్న ముక్కలు కొట్టి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు గుండ్రబడతాయి. రెండు వేల ఏళ్ళ కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ఇదే తీరున పూసలు చేసి ఓడలెక్కించారు. ఇలా లాగి చేసిన పూసలు ఆగ్నేయాసియా మీదుగా జపాన్ దాకా పోయాయి, అక్కడి పురాతన సమాధుల తవ్వకాల్లో బయటపడ్డాయి. ఈ పద్ధతి బతికి ఉన్న ఊరు పాపానాయుడుపేట అని పరిశోధకులు వచ్చి రాసుకుపోయారు. మనకే పట్టలేదు. ఏ ఇంట్లో కొలిమి నడుస్తోందో ముందు కనుక్కుని వెళ్ళండి.

---

కొర్లగుంట కోడలు · డిసెంబరు 7, రాత్రి 9:15

మాస్టారూ, మీకు పాదాభివందనం.

పూసల ఇంట్లో ఒక పెద్దాయన మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. పాత పనిముట్లు చూపించాడు, లాడ పట్టుకునే తీరు, లాగే తీరు చేతులతో చూపించాడు. వేడికి అరచేతులు ఎలా కాయలు కాశాయో పాపకు చూపిస్తే అది తన వేలితో మెల్లగా తాకి చూసింది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే తాకింది. మీరు రాసిన జపాన్ సంగతి ఆయనకు చెప్పాను. ఆయనకూ తెలియదు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లోపలికి పోయి ఇటుక రంగు పూసల దండ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోనన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, చివరికి పిల్లల చేత ఇప్పించింది. రెండు చేతులతో ఇవ్వడం, రెండు చేతులతో పుచ్చుకోవడం ఇద్దరికీ ఒకటే అలవాటు.

ఇంటికొచ్చాక వాళ్ళ అమ్మతో వీడియో కాల్‌లో ఆ దండ చూపిస్తూ గంటసేపు మాట్లాడింది. ఇక మీదట ఇలాంటి చోట్లే చెప్పండి. ఏదైనా పని జరుగుతున్న చోటు, చూసి కూర్చోగలిగిన చోటు.

---

స్వర్ణముఖి · డిసెంబరు 8, ఉదయం 10:20

అయితే మా కాళహస్తికి రండి అక్కా. గుడి తర్వాత, ముందు కలంకారీ. మా మేనమామ ఇంట్లో ఆ పనే. కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపిన బట్ట మీద చింతబొగ్గుతో గీస్తారు. నల్లరంగుకు తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి నానబెడతారు, ఆ నల్లసిరాను కసిం అంటారు. కలం అంటే వెదురుపుల్ల, దాని చుట్టూ ఉన్ని చుట్టి దారంతో కట్టేస్తారు. వేళ్ళతో ఉన్నిని నొక్కితే సిరా దిగుతుంది. ఎర్రరంగు పటిక రాసిన చోటే పడుతుంది. రంగురంగుకూ ఉతుకు ఉంటుంది. 1950ల్లో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ వచ్చి పట్టించుకోకపోయుంటే ఈ చేతిపని మా తరానికి అందేది కాదని మామ అంటాడు. పిల్లలకు ఒక గుడ్డ ముక్క, కలం ఇచ్చి కూర్చోబెడతాం. పాతబట్టలు వేయించండి, ఆ నలుపు ఎన్ని ఉతుకులకూ పోదు.

---

పుత్తూరు పిల్ల · డిసెంబరు 10, సాయంత్రం 4:40

మదనపల్లె కూడా రాసుకోండి. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బీసెంట్ కాలేజీలోనే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. దానికి స్వరం కట్టడంలో సాయపడింది ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ కాపురమున్న మార్గరెట్ కజిన్స్. ఆమె భర్త ఆ కాలేజీ ప్రిన్సిపాల్. అక్కడి నుంచి హార్సిలీ హిల్స్ పైకి పోతే చలికి స్వెట్టర్లు కావాలి, జపాన్ పిల్లలకు హాయిగా ఉంటుంది.

---

కొర్లగుంట కోడలు · డిసెంబరు 21, రాత్రి 10:05

కాళహస్తి అయింది. హార్సిలీ హిల్స్ వేసవికి దాచుకున్నాం.

పాప కలంతో తన పేరు జపాన్ అక్షరాల్లో రాస్తే, స్వర్ణముఖి మామయ్య ఆ పక్కనే అదే పేరు తెలుగులో రాశాడు. జపాన్‌లో చిన్నప్పటి నుంచి కుంచెతో రాస్తారట. మామయ్య గీత లాగే ముందు ఊపిరి బిగబట్టడం చూసి, తన గురువు కూడా అలాగే చేసేవాడని ఆమె అంది. బాబు కసిం డబ్బా వాసన చూసి ముక్కు మూసుకుని పారిపోయాడు.

ధనుర్మాసం మొదలైంది కదా. తెల్లవారుజామున మా అత్త ముగ్గేస్తుంటే పాప స్వెట్టరు వేసుకుని మెట్లు దిగి వస్తోంది. మొదటి రోజు చుక్కలు వంకరపోయాయని చెరిపి మళ్ళీ పెట్టింది. ఇవాళ ఏడు చుక్కలు ఏడు వరుసలు, అంతా తనే. పక్కింటి పిల్లలొచ్చి దానితో పాటు గొబ్బెమ్మలు పెట్టారు. ఫోటో తీసి పెడదామనుకున్నాను. పాపను అడిగాను. ముగ్గు ఒక్కటే తియ్యమంది. అందుకే ముగ్గు ఒక్కటే.

---

పాకాల జంక్షన్ · డిసెంబరు 22, ఉదయం 7:00

ముగ్గు చాలా బాగుంది, పాపకు చెప్పండి. సంక్రాంతి కనుమకు చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్ళు వాటిని పట్టుకుంటారు. కానీ తొక్కిసలాట ఎక్కువ. ఆ వీధిలో మా చిన్నాన్న ఇల్లుంది, మిద్దె పైన ఉండి చూడొచ్చు. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పాను, పిల్లల్ని ఎవరూ ఎత్తుకోవద్దని. వాళ్ళంతట వాళ్ళు దగ్గరికొస్తే సరే.

---

కొర్లగుంట కోడలు · జనవరి 17, రాత్రి 9:30

పాకాల తమ్ముడూ, మీ పిన్ని పెట్టిన కనుమ భోజనం మరిచిపోలేం. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఆయన చేత్తోనే తిన్నాడు. ఎద్దులు వచ్చినప్పుడు భయపడి బాబు మీ చిన్నాన్న పంచె పట్టుకున్నాడు. ఆయన కదలకుండా అలాగే నిలబడ్డాడు, పండగ అయ్యేదాకా చెయ్యి కూడా వేయలేదు. చివర్లో వాడే చేతులు చాపి ఎత్తుకోమన్నాడు.

వచ్చే శనివారం నేలపట్టు పోతున్నాం. చెరువు నీళ్ళలోని చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచే కాలమిది. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్ళు పొలాలకు బలమని ఊళ్ళో వాళ్ళు వాటిని ఏమీ అనరట. అటు నుంచి పులికాట్ సరస్సు మీద రాజహంసలు కూడా చూడాలని పాప బొమ్మలు వేసి పెట్టుకుంది. ఘాట్ రోడ్డు అన్న బండిలో ఇంకా ఇద్దరికి చోటుంది. మాస్టారూ, మీరూ అమ్మగారూ వస్తారా? అయిదున్నరకు కొర్లగుంట నుంచి బయల్దేరతాం. ఉసిరికాయ ముద్దలు అందరికీ కట్టిస్తానని ఆమె ఇప్పుడే చెప్పి పైకెళ్ళింది.

---

చంద్రగిరి మాస్టారు · జనవరి 17, రాత్రి 10:10

వస్తున్నామమ్మా. బైనాక్యులర్ నా దగ్గర ఉంది.